వాము గుణమూ, వాము హద్దూ

పోపులపెట్టెలో ఆవాలకు, జీలకర్రకు ఉన్న స్థానం వాముకు లేదు. చాలా ఇళ్లలో అది పెట్టెలోనే ఉండదు. అలమరలో ఒక మూలనున్న చిన్న సీసాలో ఉంటుంది. అయినా రాత్రివేళ ఇంట్లో ఎవరికైనా కడుపు ఉబ్బరించి, త్రేన్పు రాక, అటూ ఇటూ పొర్లుతుంటే ఇల్లాలి చేయి ముందుగా వెళ్లేది ఆ సీసా మీదికే. చిటికెడు వాము, రెండు ఉప్పు కణికలు, గ్లాసెడు గోరువెచ్చని నీళ్లు. పావుగంటలో మనిషి తేలికపడతాడు. తరతరాలుగా తెలుగు గృహాలలో సాగుతున్న ఈ చికిత్సకు ఏ వైద్యుని చీటీ అవసరం లేకపోయింది.

ఆ అనుభవాన్ని తోసిపుచ్చే ఉద్దేశం ఈ వ్యాసకర్తకు లేదు. అయితే నేడు వాము మీద మనం మోపుతున్న బరువు మన పూర్వులు మోపినది కాదు. పరగడుపున వాము నీళ్లు తాగితే నెలలో పది కిలోల బరువు తగ్గుతుందట, మూత్రపిండాలలోని రాళ్లు కరిగిపోతాయట, చక్కెర వ్యాధి మాయమవుతుందట. ఇటువంటి సందేశాలు సెల్‌ఫోనులో ఒకరినుంచి ఒకరికి పరుగులు పెడుతున్నాయి. వీటన్నిటి అడుగున ‘ఆయుర్వేదంలో చెప్పారు’ అన్న ముద్ర ఒకటి ఉంటుంది. ఆయుర్వేదంలో నిజంగా ఏమి చెప్పారో ఒకసారి చూడటం మంచిది.

సంస్కృతంలో వామును యవానీ అంటారు. దీప్యకమని, ఉగ్రగంధ అని కూడా పేర్లున్నాయి. తెలుగులోనే కొన్ని ప్రాంతాలలో ఓమ, ఓమము అనడం కద్దు. యవానీ అన్న పేరును బట్టి ఇది యవన దేశాలనుండి వచ్చినదని కొందరు, ‘యవ’ శబ్దంనుండి పుట్టిన పేరని మరికొందరు వాదిస్తారు. ఆ వాదం పండితులకు వదిలివేద్దాం. దీప్యకమన్న పేరు మాత్రం మనకు ముఖ్యం. దీపింపజేసేది అని అర్థం. ఇక్కడ వెలిగేది జఠరాగ్ని. పదహారవ శతాబ్దికి చెందిన భావమిశ్రుడు తన భావప్రకాశంలో యవానిని పాచనమని, రుచ్యమని, తీక్ష్ణమని, ఉష్ణమని, లఘువని, దీపనమని వర్ణించి, వాతకఫాలను, కడుపుబ్బును, గుల్మాన్ని, శూలను, క్రిములను హరిస్తుందన్నాడు. గృహవైద్య గ్రంథాలన్నీ ఈ జాబితాను ఆనందంగా ఎత్తి రాసుకుంటాయి. కాని అదే వరుసలో భావమిశ్రుడు చెప్పిన మరొక మాటను మాత్రం చాలామంది జారవిడుస్తారు. వాము పిత్తళమన్నాడు, అంటే పిత్తాన్ని పెంచుతుందన్నమాట.

ఈ ఒక్క మాటలో వాము హద్దు అంతా ఉన్నది. కడుపు చల్లబడి, అగ్ని మందగించి, తిన్నది అరగక ఉబ్బినవానికి వాము మందు. కడుపులో మంట, గొంతులోకి పులుపు ఎగదన్నడం, ఆకలికి నొప్పి, నల్లని విరేచనం ఉన్నవానికి అదే వాము నిప్పులో నెయ్యి. ఎలుకలపై జరిపిన ప్రయోగాలలో వాము కషాయం జఠరంలో ఆమ్లస్రావాన్ని పెంచినట్లు తేలింది. ప్రాచీనుల ‘పిత్తళ’ శబ్దానికీ దీనికీ పొంతన కుదరడం గమనించదగినది. మన ఇళ్లలో మాత్రం ‘గ్యాసు’ అన్న ఒక్క ఇంగ్లీషు మాట ఈ రెండు స్థితులనూ కలిపివేసింది. ఉబ్బరమూ గ్యాసే, మంటా గ్యాసే, పుండూ గ్యాసే. ‘గ్యాస్ ట్రబుల్’ అని రెండు ముక్కలలో చెప్పేసరికి ఎవరికి వాము పనికివస్తుందో, ఎవరికి కీడు చేస్తుందో తెలుసుకునే దారి మూసుకుపోయింది. ఒక రకంగా ఆయుర్వేదానికి ఆధునిక వైద్యం చేసిన హానికంటె ఈ ఒక్క మాట చేసిన హాని ఎక్కువ అనిపిస్తుంది.

వామును సరిగా వాడటం ఎలాగో తెలుసుకోవాలంటే వైద్య గ్రంథాలకంటె ముందు మన వంటలను చూడాలి. మిరపకాయ బజ్జీనే తీసుకోండి. మిరపకాయను నిలువునా చీల్చి, చింతపండు గుజ్జు, ఉప్పు, వాము పొడి కలిపిన ముద్దను లోపల పట్టించి, శనగపిండిలో ముంచి నూనెలో వేస్తారు. రుచికోసమే అయితే ఇంకా పది దినుసులు ఉన్నాయి. శనగపిండి గురువు, వాతకరం. పేగుల్లో జీర్ణం కాని దాని పిండిపదార్థాలను సూక్ష్మజీవులు పులియబెట్టగా వాయువు పుడుతుంది. ఆ పిండి లోపలే దానికి విరుగుడును కూర్చిపెట్టారు. జంతికలలో, చేగోడీలలో, చక్కిలాలలో వాము పడటానికీ కారణం ఇదే. వాన పడుతున్న సాయంత్రం ఎవరూ రెండు బజ్జీలతో ఆగరని కనిపెట్టిన తల్లి ఎవరో ఈ ఏర్పాటు చేసి ఉంటుంది!

అలాగే వాము అన్నం. ఒక చెంచా నెయ్యి కాచి అందులో వాము వేసి, చిటపటలాడగానే దించి, వేడి అన్నంలో ఉప్పుతో కలిపి మొదటి ముద్దలుగా పెడతారు. జ్వరం తగ్గి పథ్యం మొదలుపెట్టినవారికి, బాలింతలకు ఇది పెట్టే ఇళ్లు నేటికీ ఉన్నాయి. వాము చారు కూడా అటువంటిదే. ఈ వంటలన్నిటిలోనూ గమనించవలసినది పరిమాణం. నలుగురికి చేసే చారులో అర చెంచాకు మించి వాము పడదు. అంతకు మించితే చేదెక్కి ఎవరూ నోట పెట్టలేరు. వంటలో వాము మోతాదును నాలుకే నిర్ణయించింది. తేనెలో కలిపి గుటుక్కున మింగే చూర్ణానికి, నీళ్లతో మింగే మాత్రకు ఈ కాపలా లేదు. అక్కడే పొరపాట్లు మొదలవుతాయి.

ఔషధంగా ఇంటిలో వాడేటప్పుడు పెద్దలకు ఒక పూటకు ఒక గ్రాము, అంటే సుమారు అర టీచెంచా వాము చాలు. దానిని దోరగా వేయించి, చిటికెడు సైంధవ లవణంతో నమిలి, పైన గోరువెచ్చని నీరు తాగాలి. రక్తపోటు ఉన్నవారు ఉప్పు మానివేయవచ్చు, గుణంలో లోటేమీ రాదు. ‘దోరగా’ అన్న మాటను గట్టిగా పట్టుకోవాలి. వాము గుణమంతా దాని పరిమళంలో, అంటే ఎగిరిపోయే స్వభావం గల తైలంలో ఉన్నది. నల్లగా మాడ్చిన వాములో మిగిలేది పొట్టు మాత్రమే. కషాయం కాచేవారు మూతలేని గిన్నెలో అరగంట మరగించి, ఇల్లంతా ఘుమఘుమలాడిందని మురిసిపోతారు. ఇల్లంతా ఘుమఘుమలాడిందంటే మందు ఇంటికి పోయింది, రోగికి మిగలలేదు! నీరు మరిగిన తరువాత దించి, నలగగొట్టిన వాము వేసి, మూతపెట్టి పది నిమిషాలు ఉంచితే చాలు. మూతకు పట్టిన చెమటను కూడా గిన్నెలోకే రాల్చుకోవాలి.

ఇక ఆ తైలం సంగతి. మంచి వాములో నూటికి రెండునుండి నాలుగు పాళ్ల వరకు తైలం ఉంటుంది. అందులో సుమారు సగం థైమాల్ అనే పదార్థం. చల్లబరిస్తే తెల్లని స్ఫటికాలుగా పేరుకుంటుంది. దానినే మన పచారీ కొట్లలో ‘వాము పువ్వు’ అంటారు. మొక్కకు పూసే పూవుకూ దీనికీ సంబంధం లేదని వేరే చెప్పనవసరం లేదు. థైమాల్‌ను ఐరోపాలో 1719లో న్యూమన్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు థైమ్ అనే మరొక మొక్కనుండి వేరుచేశాడు. పేరు అక్కడినుండే వచ్చింది. కాని థైమాల్‌కు ఆ మొక్కకంటె మన వామే సమృద్ధమైన గని. మొదటి ప్రపంచ యుద్ధానికి, అంటే 1914కు ముందు మన వాము గింజలు ఓడలకెక్కి జర్మనీకి చేరేవి. అక్కడ థైమాల్‌గా మారి మందుల సీసాలలో తిరిగివచ్చేవి. యుద్ధంవల్ల ఆ దారి మూసుకుపోయాకనే మన దేశంలో దానిని తీయడం ఊపందుకుంది. నేడు ప్రపంచ విపణిలో థైమాల్ అధికభాగం కర్మాగారాలలో కృత్రిమంగా తయారవుతున్నదే. పచారీ కొట్టులో కొనే వాము పువ్వు వాము చేలోనుండే వచ్చిందని నమ్మనవసరం లేదు.

వాము క్రిమిహరమన్న మాటకు చరిత్రలో బలమైన సాక్ష్యం కూడా ఈ థైమాలే. 1880 ప్రాంతంలో స్విట్జర్లాండులోని సెయింట్ గొతార్డ్ సొరంగం తవ్విన కూలీలు రక్తం క్షీణించి పాలిపోయారు. కారణం కొంకిపురుగు. ఇటలీకి చెందిన బోట్సోలో అనే వైద్యుడు ఆ పురుగుకు థైమాల్ మందుగా వాడవచ్చునని చూపించాడు. 1909లో అమెరికాలో మొదలైన రాక్‌ఫెల్లర్ సంస్థ వారి కొంకిపురుగు నిర్మూలన ఉద్యమంలో కూడా ప్రధాన ఔషధం థైమాలే. ఇంతవరకు విని మనవారు ఛాతీ విరుచుకుంటారు. ఆ తరువాతి లెక్క కూడా వినాలి. పురుగులకోసం పెద్దవారికి ఇచ్చిన థైమాల్ మూడు, నాలుగు గ్రాముల వరకు ఉండేది. గ్రాము వాములో ఉండే థైమాల్ ఎక్కువలో ఎక్కువ ఇరవై మిల్లీగ్రాములు. అంటే మూడు గ్రాముల థైమాల్ కావాలంటే కనీసం నూట యాభై గ్రాముల వామును ఒక్క పూటలో నమలాలి! అంతేకాదు, ఆ మందు తీసుకున్న రోజున నూనె, సారాయి ముట్టరాదని గట్టిగా చెప్పేవారు. అవి కలిస్తే థైమాల్ రక్తంలోకి ఎక్కి ప్రాణాపాయం కలిగేది. అందుకే మెరుగైన మందులు రాగానే వైద్యులు దానిని వదిలివేశారు.

కనుక పిల్లవాడు పాలిపోయి, మన్ను తింటూ, చదువులో మందగిస్తుంటే బెల్లంలో వాము కలిపి పెట్టి పురుగులు పోతాయని కూర్చోరాదు. ఆల్బెండజోల్ మాత్ర ఒక్కటి ఆ పని చేస్తుంది. 2015నుండి జాతీయ నులిపురుగుల నిర్మూలన దినం పేరిట పాఠశాలలలో, అంగన్‌వాడీలలో దానిని ఉచితంగా ఇస్తున్నారు. ‘మా పిల్లలకు ఇంగ్లీషు మందులు వద్దు’ అని ఆనాడు బడి మాన్పించే చదువుకున్న తల్లిదండ్రులు ఉన్నారు. బెల్లం వాము ఉండ రుచికి పెట్టండి, ఆకలికి పెట్టండి, మాత్రను మాత్రం మాన్పించకండి.

థైమాల్‌కు మరొక విచిత్ర గుణం ఉంది. ముద్దకర్పూరం, పుదీనా పువ్వు, వాము పువ్వు మూడూ గట్టి పదార్థాలే. మూడింటినీ ఒక సీసాలో వేసి మూత బిగిస్తే, నిప్పు లేకుండా, నీరు లేకుండా వాటంతట అవే కరిగి ద్రవమవుతాయి. దానికే అమృతధార అని పేరు. 1901 ప్రాంతంలో లాహోరులో పండిత ఠాకుర్‌దత్త శర్మ ఆ పేరుతో ప్రచారంలోకి తెచ్చాక దేశమంతటా ఇంటింటి మందు అయింది. మన హైదరాబాదులో 1920లో పుట్టిన జిందా తిలిస్మాత్‌లో కూడా నీలగిరి తైలం, కర్పూరం, పుదీనా పువ్వులతోపాటు వాము పువ్వు ఉన్నది. తెలంగాణ ఇళ్లలో ఆ చిన్న సీసా లేని బీరువా అరుదు. జలుబుకు ఆవిరిలో రెండు చుక్కలు, తలనొప్పికి నుదుట ఒక చుక్క, ఇవి అందరికీ తెలిసిన వాడుకలే. ఇక్కడ చెప్పవలసినదల్లా ఒకటే. వాము వేరు, వాము పువ్వు వేరు. ఒకటి గింజ అయితే రెండవది ఆ గింజనుండి తీసిన సారం. వాము పట్ల ఉన్న చనువు వాము పువ్వు పట్ల పనికిరాదు. ఇంట తయారుచేసుకున్న అమృతధార సీసాను దగ్గుమందు సీసా పక్కన పెట్టరాదు. కర్పూరం కొద్దిగా ఎక్కువైనా చిన్న పిల్లలకు మూర్ఛలు వస్తాయి. రెండేళ్లలోపు పిల్లల ముక్కుకు, ఛాతీకి ఇటువంటి ఘాటు తైలాలు రాయనే రాయరాదు.

ఇప్పుడు ఈ వ్యాసం రాయడానికి అసలు కారణమైన విషయానికి వస్తాను.

మధ్యతరగతి ఇళ్లలో యాభై దాటిన యజమాని భోజనమైన గంటకు ‘ఛాతీలో ఏదో పట్టేసినట్లుంది’ అంటాడు. ముందు వాము, తరువాత సోడా, ఆ తరువాత ఇంగువ నీళ్లు, ఆ తరువాత మందుల షాపునుండి తెచ్చిన గ్యాసు గుళిక. ఈ నాలుగింటికీ తలకొక అరగంట. నాలుగు అరగంటలు గడిచాక కాని కొడుకు ఆటో పిలవడు. ఆసుపత్రికి చేరేసరికి గుండె కండరంలో కొంతభాగం చచ్చిపోయి ఉంటుంది. మా బంధువర్గంలోనే రెండు ఇళ్లలో ఇది జరిగింది. రెండు చోట్లా ఆ పూట వాము పెట్టిన చేయి ప్రేమగల చేయే. తప్పు వాముది కాదు, పెట్టిన చేతిదీ కాదు. ‘వాముకు తగ్గితే గ్యాసు, తగ్గకపోతే అప్పుడు చూద్దాం’ అన్న సూత్రానిది.

ఆ సూత్రం ఎందుకు తప్పో చెప్పాలి. గుండెకు రక్తాన్ని చేర్చే నాళంలో అడ్డు ఏర్పడినప్పుడు నొప్పి ఎడమ ఛాతీలోనే రావాలని నియమం లేదు. రొమ్ము నడుమ బరువుగా, పై కడుపులో మంటగా, దవడలో లాగినట్లుగా, వీపులో పొడిచినట్లుగా రావచ్చు. గుండె కింది భాగానికి, జఠరానికి మధ్య ఉన్నది ఒక పలుచని పొర మాత్రమే. కబుర్లు మోసే నరాల దారులు కూడా దగ్గరదగ్గరవే. అందువల్ల గుండె బాధను మెదడు కడుపు బాధగా పొరబడుతుంది. చక్కెర వ్యాధి ఉన్నవారిలో, స్త్రీలలో నొప్పి స్వల్పంగా ఉండి, ఆయాసం, వాంతి, చల్లని చెమట, చెప్పలేని నీరసం మాత్రమే కనబడవచ్చు. ఇంకొక మోసం కూడా ఉన్నది. గుండెపోటు నొప్పి తనంతట తాను కొంతసేపు సడలి, మరల రావచ్చు. సరిగ్గా ఆ సడలిన వేళ వాము నమిలి త్రేన్పు వచ్చిందంటే, ‘చూశారా, గ్యాసే’ అని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. త్రేన్పు రావడం గుండె క్షేమానికి సాక్ష్యం కాదు. గుండెపోటులోనూ త్రేన్పులు వస్తాయి.

మొదటి గంట విలువ ఎంతటిదో హృద్రోగ వైద్యులు ఎన్నోసార్లు చెప్పారు. అడ్డును కరిగించే మందుగాని, నాళాన్ని తెరిచే చికిత్సగాని ఎంత త్వరగా అందితే అంత కండరం బ్రతుకుతుంది. కనుక నలభై దాటినవారికి, లేదా ఏ వయసువారికైనా పొగతాగే అలవాటు, చక్కెర వ్యాధి, రక్తపోటు, ఇంట్లో గుండెజబ్బు చరిత్ర ఉంటే, ఛాతీలోగాని పై కడుపులోగాని కొత్తగా వచ్చిన బరువు, చెమట, ఆయాసం కనబడినప్పుడు వాము సీసాను తాకకుండా 108కి ఫోను చేయాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఆగస్టు 15న మొదలైన ఆ అంబులెన్సు సేవ నేడు రెండు తెలుగు రాష్ట్రాలలోనూ ఉచితంగా నడుస్తున్నది. ఈ.సి.జి. తీసి గ్యాసేనని తేలితే తిరిగివచ్చి హాయిగా వాము నమలవచ్చు. ‘గ్యాసుకి ఆసుపత్రికి పరుగెత్తారట’ అని ఇరుగుపొరుగు నవ్వుతారన్న భయంతోనే చాలామంది ఆగిపోతున్నారన్నది నా పరిశీలన. ఆ నవ్వును రెండు రోజులు భరించలేమా?

కడుపునొప్పి విషయంలోనూ ఇటువంటిదే మరొక హద్దు ఉన్నది. బొడ్డు చుట్టూ మొదలై, కొన్ని గంటలలో కుడి పొత్తికడుపుకు దిగి, వాంతి, జ్వరం తోడైన నొప్పి అపెండిసైటిస్ కావచ్చు. దానికి వాము, ఆముదం, వేడినీళ్ల కాపడం మూడూ తగవు. కడుపు చెక్కలా గట్టిపడినా, ఉబ్బి మలం, వాయువు రెండూ బంధించినా ఇంటివైద్యం ఆపివేయాలి.

పసిపిల్లల ఊసు కూడా ఎత్తక తప్పదు. నెలల బిడ్డ సాయంత్రం వేళ గుక్కపట్టి ఏడిస్తే వాము కషాయం ఉగ్గుగిన్నెతో పోయడం ఇంకా మానలేదు. ఆరు నెలలు నిండే వరకు తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఈ మాటకు ఎదురుచెప్పే పెద్దలు ‘మేము పెరగలేదా’ అంటారు. పెరిగినవారే కదా మిగిలి ఈ మాట అనగలిగేది. పాలు తాగాక బిడ్డను భుజాన వేసుకుని వీపు నిమిరితే వచ్చే త్రేన్పు కషాయంతో వచ్చేదానికి తీసిపోదు. తల్లి తన భోజనంలో వాము అన్నం తినడానికి అభ్యంతరం లేదు. ఆ ఆచారం బహుశా అందుకే ఏర్పడింది. బాలింత గదిలో కుంపటిమీద వాము, వెల్లుల్లి పొట్టు వేసి పట్టే పొగ మాత్రం తలుపులు బిగించిన చిన్న అపార్టుమెంటు గదిలో తల్లికీ మంచిది కాదు, బిడ్డ ఊపిరితిత్తులకు మరీ చెడ్డది. పెంకుటింటి వసారాలో పొగ పోవడానికి దారి ఉండేది. గర్భిణులు వంటలో పడినంత వాముతో సరిపెట్టుకుని, చూర్ణాలు, అర్కాలు వైద్యుని అడగనిదే పుచ్చుకోకుండా ఉండాలి.

పేర్ల గందరగోళం మరొక చిక్కు. పెరట్లో కుండీలో పెంచుకునే, దళసరి ఆకుల ‘వామాకు’ నుండి వాము గింజ వస్తుందని నమ్మేవారు చాలామంది. రెండింటికీ చుట్టరికం లేదు. వామాకు తులసి కుటుంబానిది. వాము ధనియాలు, జీలకర్ర, సోపు వంటివాటి కుటుంబానిది. వామాకు తైలంలోనూ థైమాల్, దానికి సోదరప్రాయమైన కార్వక్రాల్ ఉండటంవల్ల వాసన కలిసింది. బజ్జీలు వేసుకోవడానికి, జలుబుకు కషాయానికి వామాకు బాగానే పనికివస్తుంది. ఇందులో ప్రమాదమేమీ లేదు. అజమోద సంగతి వైద్యులలోనే తగవు. చరక సంహితలో దీపనీయ, శూలప్రశమన గణాలు రెండింటిలోనూ ఉన్నది అజమోదం. నేటి అంగళ్లలో ఆ పేరుతో ఒక్కొక్కచోట ఒక్కొక్క గింజ ఇస్తారు, చాలాచోట్ల వామే పొట్లం కడతారు. హింగ్వాష్టక చూర్ణం ఇంట చేసుకునేవారు అజమోద బదులు వాము వేసుకుంటే పెద్ద నష్టం లేదు.

ప్రమాదమంతా ఖురాసానీ వాములో ఉన్నది. పేరులో వాము ఉన్నా అది ఉమ్మెత్త కుటుంబపు విషమూలిక. ఆయుర్వేదం దానిని పారసీక యవానీ అని పేర్కొని, నొప్పికి, నిద్రకు వైద్యుని అదుపులో వాడింది. మోతాదు మించితే నోరెండిపోవడం, కనుపాపలు విప్పారడం, గుండె దడ, మూత్రబంధం, పిచ్చి మాటలు మొదలవుతాయి. ‘ఖురాసానీ రకం ఇంకా బలమైన వాము’ అనుకుని కొన్నవారిని చూశాను. మూలికల దుకాణంలో వాము అడిగేటప్పుడు ‘వంట వాము’ అని నోరారా చెప్పి అడగాలి. ఇంటికి తెచ్చాక ఒక్క గింజను వేళ్ల మధ్య నలిపి చూడాలి. వంట వాము గింజ అండాకారంగా, ఒంటిమీద గీతలతో, బూడిదరంగు కలిసిన గోధుమవర్ణంలో ఉండి, నలపగానే ఘాటు ముక్కుకు తగులుతుంది. ఖురాసానీ గింజ మూత్రపిండం ఆకారంలో, సన్నని గుంటలతో ఉంటుంది, వాము పరిమళం రానే రాదు.

ఈ నలిపి చూసే పరీక్ష వంట వాముకు కూడా అక్కరకు వస్తుంది. తైలం ముందే తీసివేసిన గింజ, ఏళ్ల తరబడి గోనెలో మాగిన గింజ చూపుకు మంచి గింజలాగే ఉంటాయి. వాసన మాత్రం పలుచబడుతుంది. నాలుకపై వేసుకుని నమిలితే మంచి వాము ముందు చురుక్కుమని, పిదప నాలుకను కాస్త మొద్దుబారుస్తుంది. అది థైమాల్ లక్షణం. మన అదృష్టంకొద్దీ మంచి వాము కోసం దూరం చూడనవసరం లేదు. రాజస్థాన్, గుజరాత్‌లతో పాటు మన కర్నూలు నల్లరేగడి నేలలు వాముకు ప్రసిద్ధి. వర్షాధారంగా, ఎరువుల ఆర్భాటం అంతగా లేకుండా పండుతుంది. గుంటూరు లాం ఫారంలో రూపొందిన లాం సెలక్షన్ రకాలు కూడా ఉన్నాయి. కర్నూలు మార్కెట్టుయార్డులో కొత్త పంట దిగే రోజుల్లో ఆ ప్రాంతంలో బంధువులున్నవారు అరకిలో తెప్పించుకుంటే ఒక సంసారానికి ఏడాది గడుస్తుంది. ఎండబెట్టే పేరుతో మండుటెండలో రోజుల తరబడి పరచరాదు. నీడలో ఆరబెట్టి, రాళ్లు, పుల్లలు ఏరి, గాజుసీసాలో గాలి చొరకుండా మూతపెట్టాలి. పొడి ఒక్కసారిగా కొట్టి నిలవ ఉంచకుండా, కావలసినప్పుడు కావలసినంత నలుపుకోవాలి. సీసాపై కొన్న నెల, సంవత్సరం రాసిన చీటీ అంటించి, మరుసటి పంట రాగానే పాతదానిని జంతికల పిండిలో వేసి ఖాళీచేయవచ్చు.